పిస్టల్ గురి శిక్షణ

పిస్టల్‌ను సురక్షితంగా పట్టుకోవడం, గురి చూడటం, కాల్చడం అనే పనులను షూటింగ్ రేంజిలో శిక్షకుని పర్యవేక్షణలో క్రమపద్ధతిలో నేర్పే విద్యను పిస్టల్ గురి శిక్షణ అంటారు. కాల్చిన ప్రతిసారీ ఒకే చోట తగిలించగలగడం, తప్పినప్పుడు ఎందుకు తప్పిందో గుర్తించగలగడం దీని లక్ష్యాలు. ఇది ఒలింపిక్ క్రీడకు పునాది. పోలీసు, సైనిక శిక్షణలోనూ భాగం. ఈ వ్యాసం ప్రధానంగా క్రీడా శిక్షణను, అందులోనూ భారతదేశంలో చాలామంది మొదట పట్టే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌ను వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

ఒంటిచేత్తో పట్టి కాల్చగలిగే పొట్టి తుపాకి పిస్టల్. రైఫిల్‌కు భుజం, చెంప, రెండు చేతుల ఆసరా ఉంటుంది. క్రీడా పిస్టల్‌కు చాచిన ఒక్క చేయే ఆధారం. బారెల్ పొట్టిది కావడంతో ముందు, వెనక సైట్ల మధ్య దూరం తక్కువ. అందువల్ల చేతిలో వచ్చే చిన్న కదలిక లక్ష్యం మీద పెద్ద తేడాగా కనిపిస్తుంది. పిస్టల్ శిక్షణలో పట్టుకూ ట్రిగ్గర్ నొక్కే తీరుకూ మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వడానికి కారణం ఇదే.

శిక్షణలో నాలుగు భాగాలు ఉంటాయి: భద్రత, కాల్చే మెలకువలు, శారీరక మానసిక సన్నద్ధత, పోటీ నియమాల పరిజ్ఞానం. మొదటిది పూర్తిగా ఒంటబట్టాకే రెండోదానికి వెళ్లడం సాధారణంగా పాటించే క్రమం.

చరిత్ర

అంతర్జాతీయ నేపథ్యం

1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే పిస్టల్ పోటీలు ఉన్నాయి. అమెరికాకు చెందిన అన్నదమ్ములు జాన్ పెయిన్, సమ్నర్ పెయిన్ అక్కడ చెరొక పిస్టల్ పోటీ గెలిచారు. 1907లో అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఏర్పడింది. నేడు అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్యగా వ్యవహరించే ఈ సంస్థ పిస్టల్ కొలతలు, టార్గెట్ల కొలతలు, కాలపరిమితులు, భద్రతా నియమాలను ప్రపంచమంతటికీ ఒకటిగా నిర్ణయించింది. దాంతో ఒక దేశంలో సాధించిన స్కోరును మరో దేశపు స్కోరుతో పోల్చడం సాధ్యమైంది.

శిక్షణ చరిత్రలో హంగరీ సైనికుడు కారోలీ టకాచ్ ఉదంతం ప్రసిద్ధం. 1938లో గ్రెనేడ్ పేలి ఆయన కుడిచేయి దెబ్బతింది. ఆయన ఎడమచేత్తో కాల్చడం మొదటినుంచి నేర్చుకుని, 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ స్వర్ణాలు గెలిచారు. గురి చేతిలో పుట్టుకతో ఉండే గుణమేమీ కాదని, అభ్యాసంతో మరో చేతికీ నేర్పవచ్చని ఈ ఉదంతం చూపుతుంది.

ఎయిర్ పిస్టల్ 1970లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి, 1988 సియోల్‌లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మహిళలకు ప్రత్యేకంగా పిస్టల్ పోటీ 1984 లాస్ ఏంజెలిస్‌లో మొదలైంది. 50 మీటర్ల ఫ్రీ పిస్టల్‌ను 2016 రియో తరువాత ఒలింపిక్స్ నుంచి తొలగించారు. టోక్యోలో 10 మీటర్ల మిక్స్‌డ్ టీమ్ పోటీని ప్రవేశపెట్టారు.

భారతదేశంలో

భారత జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడింది. లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి. మావలంకర్ దాని స్థాపకుల్లో ప్రముఖులు. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలోని తుగ్లకాబాద్‌లో కట్టిన రేంజి తరువాతి కాలంలో డాక్టర్ కర్ణీ సింగ్ పేరుతో దేశంలో ప్రధాన శిక్షణ కేంద్రంగా నిలిచింది. మధ్యప్రదేశ్‌లోని మహూలో ఉన్న ఆర్మీ మార్క్స్‌మన్‌షిప్ యూనిట్ సైన్యం నుంచి షూటర్లను తయారుచేస్తుంది. 2012 లండన్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ రజతం గెలిచిన విజయ్ కుమార్ అక్కడ శిక్షణ పొందినవారే.

1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో సెంటర్ ఫైర్ పిస్టల్ స్వర్ణం గెలిచిన జస్‌పాల్ రాణా తరువాత శిక్షకుడయ్యారు. ఆయన శిష్యురాలు మను భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో మరో కాంస్యం గెలిచారు. పారాలింపిక్స్‌లో మనీష్ నర్వాల్ టోక్యోలో 50 మీటర్ల పిస్టల్ స్వర్ణం, పారిస్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ రజతం సాధించారు. పారిస్‌లోనే మహిళల విభాగంలో రుబీనా ఫ్రాన్సిస్ కాంస్యం గెలిచారు.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్‌లో గచ్చిబౌలి ప్రాంతంలోని రేంజి తెలంగాణ షూటర్లకు ముఖ్య అభ్యాస స్థలం. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల వయసులోనే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంతో పాటు మూడు రజతాలు గెలిచింది. పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలో పాల్గొంది. 2012 లండన్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన హైదరాబాదీ గగన్ నారంగ్ 2011లో పుణెలో ప్రారంభించిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీ రైఫిల్‌తో పాటు పిస్టల్ శిక్షణా ఇస్తోంది. 1975 నుంచి హైదరాబాద్‌లో ఉన్న సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్లకు ఆయుధ శిక్షణ పాఠ్యక్రమంలో భాగం.

పోటీల రకాలు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్: 4.5 మి.మీ. సీసపు పెల్లెట్‌ను పీడనంలో ఉన్న గాలి నెడుతుంది. పిస్టల్ బరువు 1,500 గ్రాములు మించకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయగలగాలి. అర్హత రౌండ్‌లో గంటా 15 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి. పూర్తి స్కోరు 600. ఫైనల్లో ప్రతి షాట్‌ను దశాంశాల్లో లెక్కిస్తారు, ఒక్క షాట్ గరిష్ఠం 10.9.

25 మీటర్ల పిస్టల్, మహిళలు: 5.6 మి.మీ. రిమ్‌ఫైర్ తూటాలు వాడతారు. ట్రిగ్గర్ కనీస బరువు 1,000 గ్రాములు. మొదటి 30 షాట్లు నిదానంగా కాల్చే ప్రెసిషన్ భాగం, ఐదేసి షాట్లకు 5 నిమిషాలు. తరువాతి 30 షాట్లు ర్యాపిడ్ భాగం. అందులో ఒక్కో షాట్‌కు 3 సెకన్ల వ్యవధి, నడుమ 7 సెకన్ల విరామం ఉంటుంది. విరామంలో చేయి 45 డిగ్రీల కోణానికి దిగువనే ఉండాలి.

25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్, పురుషులు: పక్కపక్కన ఉన్న ఐదు టార్గెట్లపై ఒక్కొక్క షాట్ చొప్పున 8, 6, 4 సెకన్ల వ్యవధుల్లో కాల్చాలి.

25 మీటర్ల స్టాండర్డ్, సెంటర్ ఫైర్ పిస్టల్: ఒలింపిక్స్‌లో లేకపోయినా ప్రపంచ, జాతీయ స్థాయిలో జరుగుతాయి.

ప్రాక్టికల్ షూటింగ్: కదులుతూ, రెండు చేతులతో, కచ్చితత్వాన్నీ వేగాన్నీ కలిపి లెక్కించే పోటీ. దీని అంతర్జాతీయ సమాఖ్య 1976లో ఏర్పడింది. (చూడండి: పోలీసు, సైనిక శిక్షణ)

రేంజి నిర్మాణం

రేంజిలో షూటర్లు నిలబడే ఫైరింగ్ లైన్, లక్ష్యాలు ఉండే టార్గెట్ లైన్, వాటి వెనక గుళ్లను ఆపే అడ్డుగోడ ప్రధాన భాగాలు. ఆరుబయలు రేంజుల్లో టార్గెట్ల వెనక ఎత్తైన మట్టికట్ట పోస్తారు. మూసిన రేంజుల్లో లోహపు ఉచ్చులు గుళ్లను పట్టి ఆపుతాయి. పక్కగోడలు, పైన అడ్డంగా కట్టిన పలకలు దారితప్పిన గుండు బయటకు పోకుండా చూస్తాయి.

10 మీటర్ల రేంజి సాధారణంగా మూసిన హాలు. ఒక్కో షూటర్‌కు కనీసం ఒక మీటరు వెడల్పు లేన్, ముందు పిస్టల్ పెట్టుకునే బల్ల ఉంటాయి. టార్గెట్ మధ్యబిందువు నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలి, దాని మీద కనీసం 1,500 లక్స్ వెలుతురు పడాలి. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌పై నల్లని భాగం వ్యాసం 59.5 మి.మీ., పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో ఈ కొలతలు వరుసగా 200, 50 మి.మీ.

పాత రేంజుల్లో కాగితపు టార్గెట్‌ను తాడు, కప్పీ సాయంతో ముందుకూ వెనక్కీ జరుపుతారు. కొత్త రేంజుల్లో ఎలక్ట్రానిక్ టార్గెట్ గుండు తగిలిన చోటును వెంటనే కొలిచి షూటర్ పక్కనున్న తెరపై చూపుతుంది. ఎలక్ట్రానిక్ టార్గెట్‌తో సమయం కలిసొస్తుంది. ఒక సిరీస్ మొత్తం ఒకే చోట కళ్లకు కట్టే కాగితపు టార్గెట్ కొత్తవారి లోపాలను వివరించడానికి ఇప్పటికీ పనికొస్తుంది.

భద్రతా నియమాలు

రేంజిలో భద్రత అలవాటుగా మారేదాకా శిక్షణ ముందుకు సాగదు. ప్రపంచవ్యాప్తంగా బోధించే నాలుగు సూత్రాలను అమెరికా శిక్షకుడు జెఫ్ కూపర్ క్రోడీకరించారు. ప్రతి తుపాకీ నిండుగా ఉందనే భావించాలి. నాశనం చేయదలచుకోని దేనివైపూ దాని మూతి తిప్పకూడదు. సైట్లు లక్ష్యం మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. లక్ష్యమేమిటో, దాని వెనక ఏముందో తెలుసుకోవాలి.

వీటికి తోడు రేంజికి తనవైన నియమాలు ఉంటాయి. రేంజ్ ఆఫీసర్ ఆజ్ఞ లేనిదే పిస్టల్ నింపకూడదు. లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్ అనే ఆజ్ఞలు అందరికీ ఒకటే. స్టాప్ అన్న వెంటనే కాల్చడం ఆపాలి. ప్రమాదం గమనించిన ఎవరైనా స్టాప్ అని అరవవచ్చు. కాల్చనప్పుడు ఛాంబర్ ఖాళీ అని కంటికి కనిపించేలా, ప్రకాశవంతమైన రంగు సేఫ్టీ ఫ్లాగ్‌ను బారెల్‌లో ఉంచాలి. ఫైరింగ్ లైన్ ముందు మనిషి ఉన్నంతసేపు ఎవరూ పిస్టల్ ముట్టుకోకూడదు. గుండు పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి, రెండో చేయి ఎత్తి ఆఫీసర్‌ను పిలవాలి. పిస్టల్‌తో వెనక్కి తిరిగి చూపించడం రేంజుల్లో ప్రమాదాలకు దారితీసే తప్పు.

కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి అలవాట్లు. మందుగుండు తుపాకుల చప్పుడు సాధారణంగా 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవికి కలిగే నష్టం తిరిగి పూడదు. పెల్లెట్లు, తూటాలు సీసంతో చేసినవి కాబట్టి రేంజిలో తినకూడదు, తాగకూడదు. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మూసిన రేంజిలో గాలి ఆడే ఏర్పాటు ఉండాలి. ఎయిర్ పిస్టల్ గాలి సిలిండర్‌కు తయారీ తేదీ నుంచి గడువు ఉంటుంది. ఆ గడువు చూసుకునే బాధ్యత షూటర్‌దే.

కాల్చే మెలకువలు

నిలబడే తీరు

పాదాలు భుజాల వెడల్పున ఉంచి, బరువు రెండింటిమీదా సమంగా వేస్తారు. శరీరం టార్గెట్‌కు పక్కవాటుగా తిరిగి ఉంటుంది. ఆ కోణం ఒక్కొక్కరి ఒడ్డూపొడవును బట్టి మారుతుంది. ఖాళీ చేతిని జేబులో పెట్టుకోవడమో బెల్టుకు తగిలించడమో చేస్తే భుజం ఊగదు. తల నిటారుగా ఉండాలి.

సహజ గురి దిశను ఇలా సరిచూస్తారు. షూటర్ కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, ఒకటి రెండు శ్వాసలు తీసి, కళ్లు తెరుస్తాడు. సైట్లు పక్క లేన్ వైపు చూస్తుంటే మణికట్టు తిప్పి సరిచేయకూడదు. వెనక పాదాన్ని కొద్దిగా జరిపి మళ్లీ పరీక్షించుకోవాలి. మణికట్టుతో సరిచేస్తే కండరం లాగిపట్టిన స్థితిలో ఉంటుంది, ట్రిగ్గర్ కదిలే క్షణంలో అది సడలి గురి తప్పుతుంది.

పట్టు

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న గుంటలో పిస్టల్ పిడి వీలైనంత పైకి కూర్చోవాలి. పట్టు బలం గట్టిగా కరచాలనం చేసేటప్పుడు ఉండేంత చాలు. మధ్యవేలు, ఉంగరపువేలు పిడిని నేరుగా వెనక్కి అదుముతాయి. బొటనవేలు ఊరికే ఆని ఉంటుంది. చూపుడువేలు పిడిని తాకకుండా విడిగా కదలాలి. క్రీడా పిస్టళ్ల చెక్క పిడిని అరచేతి కొలతకు చెక్కించుకుంటారు. నియమాల ప్రకారం మణికట్టు స్వేచ్ఛగా కదలాలి, దానికి పట్టీ గానీ ఆసరా గానీ ఉండకూడదు.

సైట్ల అమరిక

వెనక సైట్‌లో ఉన్న చదరపు గాడి మధ్యలో ముందు సైట్ నిలవాలి. రెండింటి పైఅంచులు ఒకే గీతలో, ఇరుపక్కల సందులు సమానంగా ఉండాలి. కన్ను వెనక సైట్, ముందు సైట్, టార్గెట్ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అందుకే చూపును ముందు సైట్ మీద నిలిపి, టార్గెట్ మసకగా కనిపించడాన్ని అంగీకరించాలి. నల్లని సైట్లు నల్లని వలయం మీద కలిసిపోతాయి కాబట్టి ప్రెసిషన్ షూటర్లలో చాలామంది వలయం అడుగున ఉన్న తెలుపులో గురి నిలుపుతారు.

ఈ అమరిక ఎంత ముఖ్యమో లెక్క వేసి చూడవచ్చు. సైట్ల మధ్య దూరం 320 మి.మీ. ఉన్న ఎయిర్ పిస్టల్‌లో ముందు సైట్ గాడిలో 1 మి.మీ. పక్కకు జరిగితే, 10 మీటర్ల దూరంలో గుండు సుమారు 31 మి.మీ. పక్కకు పోతుంది. నడిమధ్యన పడాల్సిన షాట్ 7 పాయింట్లకు దిగుతుంది. సైట్లు సరిగ్గా అమరి ఉండి చేయి మొత్తంగా 5 మి.మీ. పక్కకు జరిగితే గుండు కూడా 5 మి.మీ. మాత్రమే జరుగుతుంది, షాట్ పదిలోనే ఉంటుంది. చేయి కాస్త ఊగినా కంగారుపడవద్దని, సైట్ల వరుస చెదరనివ్వవద్దని శిక్షకులు చెప్పేది ఈ లెక్క వల్లనే.

శ్వాస

పిస్టల్ ఎత్తేటప్పుడు గాలి పీల్చి, దించుకుంటూ గురిలోకి వచ్చేటప్పుడు కొంత వదిలి, మిగిలిన దానితో ఆపుతారు. గురిలో నిలిచే సమయం సాధారణంగా కొన్ని సెకన్లే. అది మించితే కన్ను అలిసిపోతుంది, చేతి వణుకు పెరుగుతుంది. అప్పుడు కాల్చకుండా పిస్టల్ దించి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ విరమణను ప్రత్యేకంగా సాధన చేయిస్తారు.

ట్రిగ్గర్

చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగంతో, సైట్ల గీతకు సమాంతరంగా నేరుగా వెనక్కి నొక్కాలి. క్రీడా పిస్టళ్ల ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది. గురిలోకి వస్తూనే మొదటి దశ పూర్తిచేసి, రెండో దశ ఒత్తిడిని ఆగకుండా సమంగా పెంచుతారు. సైట్లు పదిమీదికి వచ్చిన క్షణం చూసి గబాలున నొక్కడం కొత్తవారి ప్రధాన లోపం. ఆ కుదుపుతో సైట్ల వరుస చెదురుతుంది.

షాట్ తరువాత నిలుపు

ఎయిర్ పిస్టల్ పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 150 మీటర్లు. ట్రిగ్గర్ విడిపోయాక పెల్లెట్ బారెల్ దాటేలోగా చేయి కదిలితే దాని దారి మారుతుంది. అందుకే గుండు వెళ్లాక కూడా ఒకటి రెండు సెకన్లు ట్రిగ్గర్ వెనక్కే ఉంచి, చూపు ముందు సైట్ మీదే నిలపాలి. రేంజిలో దీన్ని ఫాలో త్రూ అంటారు.

శిక్షణ క్రమం

ఆరంభ దశ: భద్రతా నియమాలు, పిస్టల్ భాగాలు, ఖాళీ చేసే విధానం నేర్పుతారు. శిక్షకుడు ఏ కంటి చూపు ప్రధానమో పరీక్షిస్తాడు. కుడిచేతివాటం వ్యక్తికి ఎడమకన్ను ప్రధానమైతే గురి పద్ధతిని దానికి తగినట్టు మార్చాలి. రెండో కన్నును గట్టిగా మూయడం కన్నా, 30 మి.మీ. వెడల్పు మించని తెరతో కప్పి రెండు కళ్లూ తెరిచి ఉంచడం మేలు.

డ్రై ప్రాక్టీస్: పెల్లెట్ లేకుండా గురి, ట్రిగ్గర్ సాధన. చప్పుడు, ఎదురుదెబ్బ ఉండవు కనుక ట్రిగ్గర్ విడిచినప్పుడు ముందు సైట్ కదిలిందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. ఉన్నత స్థాయి షూటర్ల అభ్యాసంలోనూ దీనికి పెద్ద వాటా ఉంటుంది.

తెల్లకాగితంపై సాధన: వలయాలు లేని తెల్లని కార్డుపై కాల్పిస్తారు. పాయింట్ల ఆశ లేకపోవడంతో దృష్టి సైట్ల మీద, వేలి మీద నిలుస్తుంది.

గ్రూపింగ్: ఐదు లేదా పది షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తారు. గుత్తి బిగువుగా ఉండి ఒక పక్కన పడుతుంటే వెనక సైట్ మర తిప్పి సరిచేస్తారు. గుత్తి చెల్లాచెదురుగా ఉంటే సైట్ ముట్టుకోకుండా మెలకువను సరిచేయాలి.

షాట్ కాల్: తెర చూడకముందే గుండు ఎక్కడ పడిందో షూటర్ నోటితో చెప్పాలి. గడియారం ముల్లు దిశలో, పాయింట్లలో చెప్పడం వాడుక: రెండు గంటల వైపు తొమ్మిది. చెప్పినదీ తెర చూపినదీ తరచూ కలుస్తుంటే షూటర్ తన సైట్లను నిజంగా చూస్తున్నాడని అర్థం.

అభ్యాస పుస్తకం: రోజువారీ షాట్ల సంఖ్య, స్కోరు, వెలుతురు, శరీర స్థితి, ఆనాటి పాఠం రాసుకుంటారు. బారెల్‌కు తగిలించే ఎలక్ట్రానిక్ సెన్సర్లు గురి కదిలిన దారిని కంప్యూటర్ తెరపై గీతగా చూపుతాయి. షాట్‌కు ముందరి సెకనులో గురి ఎటు జారిందో శిక్షకుడు అందులో చూపించగలడు.

సాధారణ లోపాలు, దిద్దుబాటు

ఉలికిపాటు: చప్పుడునూ ఎదురుదెబ్బనూ ముందే ఊహించి చేయి బిగుసుకోవడం. కుడిచేతివాటం వారికి షాట్లు ఎక్కువగా కింద ఎడమకు పడతాయి. మందుగుండు పిస్టళ్లలో దీన్ని బయటపెట్టడానికి శిక్షకుడు షూటర్‌కు తెలియకుండా మ్యాగజైన్‌లో డమ్మీ తూటాలు కలుపుతాడు. డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు ఉండదు, పిస్టల్ మూతి కిందికి ముంచుకోవడం షూటర్‌కే కనిపిస్తుంది. దిద్దుబాటు మళ్లీ డ్రై ప్రాక్టీస్‌తోనే.

పట్టు మారడం: షాట్‌కూ షాట్‌కూ మధ్య పట్టు బలం మారితే గుత్తి నిలువుగా సాగుతుంది. ప్రతి సిరీస్ ముందు పిడిని ఎడమచేత్తో పట్టి కుడి అరచేతిలో ఒకే చోట కూర్చోబెట్టడం అలవాటు చేస్తారు.

టార్గెట్ చూడటం: చూపు ముందు సైట్ నుంచి జారి వలయం మీదికి పోతే షాట్లు కారణం తెలియకుండా చెదురుతాయి. తెల్లకార్డు సాధన దీనికి మందు.

అతిగా నిలపడం: మరింత మంచి క్షణం కోసం కాచుకుని అలసిపోవడం. విరమించి దించడమే దీనికి దిద్దుబాటు.

షాట్లు పడిన దిశను బట్టి కారణం చెప్పే పటాలు రేంజుల్లో వేలాడుతుంటాయి. ఒకే దిశకు వేర్వేరు కారణాలు ఉండవచ్చు కాబట్టి, షూటర్ చేతిని కళ్లారా చూశాకే శిక్షకుడు నిర్ణయానికి రావాలి.

శిక్షకుని పాత్ర

కాల్చేవారు తమ ముందు సైట్‌ను చూస్తుంటారు కనుక తమ భుజం ఎత్తు, మోకాలి బిగువు, వేలి కదలిక చూసుకోలేరు. శిక్షకుడు పక్కన నిలబడి టార్గెట్ బదులు మనిషిని గమనిస్తాడు. ఒక పూట ఒక లోపాన్నే ఎత్తి చూపడం మంచి బోధన పద్ధతి. ఒకేసారి నాలుగైదు దిద్దుబాట్లు చెబితే కొత్తవారు ఏదీ నిలుపుకోలేరు. పోటీ సమయంలో పనిముట్ల సమస్యను ఎదుర్కోవడమూ శిక్షణలో భాగమే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ అర్హత రౌండ్‌లో మను భాకర్ పిస్టల్ పాడై విలువైన నిమిషాలు పోయాయి, 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. ఇలాంటి స్థితికి ముందుగానే క్రమం సాధన చేయించడం నేడు మామూలైంది.

శారీరక, మానసిక సన్నద్ధత

భుజం, నడుము, కాళ్ల ఓర్పు షూటర్‌కు అవసరం. సుమారు కిలో బరువున్న పిస్టల్‌ను చాచిన చేత్తో గంటకు పైగా పదే పదే ఎత్తి దించాలి. నిదానంగా సాగే వ్యాయామం, నడక, తగినంత నిద్ర శిక్షణ ప్రణాళికలో ఉంటాయి. ప్రతి షాట్‌కు ముందు అదే క్రమంలో చేసే పనులను షాట్ ప్లాన్ అంటారు. నిలబడటం, పట్టు, శ్వాస, ఎత్తడం, చూపు, ట్రిగ్గర్, నిలుపు ఒకే వరుసలో సాగితే మనసు స్కోరు వైపు పోదు. 2024 పారిస్‌లో టర్కీకి చెందిన యూసుఫ్ దికేచ్ ప్రత్యేక కళ్లద్దాల పరికరాలేవీ లేకుండా, రెండు కళ్లూ తెరిచి కాల్చి మిక్స్‌డ్ టీమ్ రజతం సాధించారు. పనిముట్ల అవసరం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందని, స్థిరపడిన క్రమం మాత్రం అందరికీ కావలసిందేనని శిక్షకులు దీన్ని ఉదాహరణగా చూపి వివరిస్తారు.

పోలీసు, సైనిక శిక్షణ

ఇక్కడ ప్రయోజనం వేరు. 9 మి.మీ. పిస్టల్‌ను రెండు చేతులతో పట్టి, తక్కువ వ్యవధిలో, అవసరమైతే అడ్డు వెనక నుంచి కాల్చడం నేర్పుతారు. 1950లలో లాస్ ఏంజెలిస్ కౌంటీ అధికారి జాక్ వీవర్ వాడిన రెండు చేతుల పద్ధతి ఆయన పేరుతోనే వ్యాపించింది. చేతులు రెండూ సమంగా చాచే ఐసోసెలీస్ పద్ధతి నేడు విస్తృతంగా ఉంది. కాల్చాలా వద్దా అన్న నిర్ణయం, చట్టపరమైన బాధ్యత ఈ శిక్షణలో గురితో సమానంగా ముఖ్యం. సైట్ల అమరిక, ట్రిగ్గర్ నొక్కడం అనే మూలసూత్రాలు మాత్రం క్రీడలోనూ ఇక్కడా ఒకటే. (చూడండి: కాల్చే మెలకువలు)

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో తుపాకుల స్వాధీనం, వాడకాన్ని 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు నియంత్రిస్తాయి. మందుగుండు పిస్టల్‌కు లైసెన్స్ తప్పనిసరి. నిర్ణీత శక్తిపరిమితికి లోబడిన 4.5 మి.మీ. ఎయిర్ పిస్టళ్లకు లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది, అయినా కొనుగోలుకు గుర్తింపు పత్రాలు చూపాలి. ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను 2019 సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది. గుర్తింపు పొందిన క్రీడాకారులకు ఆయుధాలు, తూటాల విషయంలో ప్రత్యేక వెసులుబాట్లు ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారు రాష్ట్ర రైఫిల్ సంఘం లేదా అనుబంధ క్లబ్బు ద్వారా చేరితే చట్టపరమైన మార్గదర్శకత్వం, పోటీల ప్రవేశం రెండూ దొరుకుతాయి.

ప్రాధాన్యం

పిస్టల్ షూటింగ్‌లో బలం, ఎత్తు, వయసు విజయాన్ని నిర్ణయించవు. పదమూడేళ్ల బాలిక జాతీయ విజేత కావడం, యాభై దాటినవారు ఒలింపిక్ పతకం గెలవడం, చక్రాల కుర్చీ నుంచి కాల్చేవారు పారాలింపిక్స్‌లో నిలవడం ఈ క్రీడలో సాధ్యమయ్యాయి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ రేంజికి పెద్ద మైదానం అక్కర్లేదు. పాఠశాల హాలు కూడా సరైన అడ్డుగోడ, పర్యవేక్షణ ఉంటే సరిపోతుంది. అందువల్ల జిల్లా స్థాయిలో శిక్షణ విస్తరించే వీలు ఎక్కువ. పనిముట్లు, పెల్లెట్ల ఖర్చు, అర్హతగల శిక్షకుల కొరత ప్రధాన అవరోధాలు.

శిక్షణ లేకుండా ఆయుధం పట్టడం పట్టినవారికీ చుట్టూ ఉన్నవారికీ ప్రమాదం. రేంజిలో క్రమశిక్షణతో నేర్చిన వ్యక్తి మొదట నేర్చుకునేది పిస్టల్ ఎప్పుడు కిందపెట్టాలన్నది. గురి దాని తరువాత, నిదానంగా, ఒక్కొక్క షాట్‌తో మెరుగవుతుంది.